ఏకాదశి నాటి శాక్సఫోన్

శ్రీరస్తు. శుభమస్తు. విఘ్నాలు బాపే గణనాథునికీ, పలుకులిచ్చే వాణికీ మొక్కి, వారితోపాటు పిలవని పేరంటాలిగా మా ఇంటికి విచ్చేసి నా పరువును చాపచుట్టగా చుట్టి చంకనబెట్టుకొని పోయిన నిద్రాదేవికి విడిగా ఒక దండం సమర్పించి, ఈ వృత్తాంతానికి ఉపక్రమిస్తున్నాను. స్వస్తిశ్రీ చాంద్రమాన సర్వధారి నామ సంవత్సరం, వైశాఖ బహుళ ఏకాదశి, శనివారం. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని సామెత. ఆనాడు గోదావరిఖనిలో మా కాలనీ రోళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి. పగిలినది నా పాండిత్యం ఒక్కటే.

కత్తి లేకుండా, కపటం లేకుండా, కేవలం సంగీతంతో ఒక పెద్దమనిషి జీవితకాలపు నియమాన్ని చివరి దినాన మంటగలపడం ఎలాగో తెలుసుకోగోరే పాఠకులు కాస్త దగ్గరికి జరగండి.

అప్పటికి నాకు యాభై నిండలేదు. యాభై నిండని తెలుగు పండితునికి తెలియనిదంటూ లోకంలో ఉండదు. బడిలో ఛందస్సు చెప్పేవాణ్ని. బజారులో అడగనివారికి అలంకారశాస్త్రం చెప్పేవాణ్ని. నా టేపు రికార్డరు ఒకనాడు ప్రాణం విడవగా, చౌరస్తాలో రేడియోలు బాగుచేసే ఖాజా భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, దవాఖానలో పెద్ద డాక్టరు పెదవి విరిచినట్టు విరిచి, ఒక పాత సీడీ ప్లేయరూ, దానితోపాటు ఒక అట్టపెట్టె నిండా సీడీలూ నా ముందుంచాడు.

"ఏంది భాయ్ ఇవి?"

"కరెంటు ప్లాంటుల ఒక ఇంజినీరు సాబ్ ఉండె. బదిలీ అయి పోయేటప్పుడు ఇడిచిపెట్టి పోయిండు. అంగ్రేజీ పాటలు. ఎవ్వరు కొంటలేరు పండిత్‌సాబ్. డప్పు లేదు, డాన్సు లేదు. మీకైతే పనికొస్తయ్. మీరు గూడ గట్లనే మెల్లగ మాట్లాడ్తరు గద."

ఆ మాటలోని గూఢార్థం నాకు చాలా రోజులదాకా తెలియలేదు.

అట్టల మీద అందరూ వృద్ధులే. వెండి జుట్టు, ముడతల నుదురు, అరమోడ్పు కన్నులు, చేతిలో ఏనుగు తొండంలా వంపు తిరిగిన ఇత్తడి వాద్యం. వయోవృద్ధులను గౌరవించడం నా ధర్మం గనుక కొని తెచ్చుకున్నాను. జాజ్‌లో ఇది మెత్తని రకమట. పట్టుకుచ్చుతో తబలాను నిమిరినట్టు వెనుక ఒక సన్నని చప్పుడు. దాని మీద శాక్సఫోన్ మాట్లాడబోయి, ఆగి, మళ్లీ ఆలోచించుకొని మాట్లాడుతుంది. టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకరు పాడతారు. గొంతు అరిగిపోయిన గడపలా ఉంటుంది. అయినా ఆ గడప మీద ఎందరు నడిచి వెళ్లారో వింటేనే తెలుస్తుంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక, అర్థం అడ్డురాకుండా రసం నేరుగా హృదయాన్ని తాకింది. నేను పడిపోయాను. పడినవాడు ఊరుకోవచ్చు గదా! ఊరినీ పడవేయాలని నా సంకల్పం.

పాలవాణ్ని కూర్చోబెట్టి వినిపించాను. అతడు మా ఇంటికి పాలు గేటు అవతలి నుంచే పోయడం మొదలుపెట్టాడు. మా ఇంటావిడ మాత్రం ఒకే మాట అన్నది:

"పాట మంచిగనే ఉన్నది గని, వింటుంటె పొయ్యి మీద అన్నం గూడ మెల్లగనే ఉడుకుతున్నది."

ఈ రసయజ్ఞానికి మా ఊళ్లో రాక్షసులు ఇద్దరు. మొదటిది సైరన్. బొగ్గుబాయి, అనగా గని, దాని సైరన్ షిఫ్టుకు ముందొకసారి, షిఫ్టు పడేటప్పుడు మరొకసారి కూస్తుంది. ఊరంతా దాని కూతతోనే లేస్తుంది, తింటుంది, పడుకుంటుంది. అది సరిగ్గా శాక్సఫోన్ అతి సుకుమారమైన మలుపు తిరిగే క్షణంలోనే, పెండ్లిలో ఎడ్లబండి చొరబడినట్టు చొరబడేది. "అపశ్రుతి!" అని గర్జించి, కిటికీలకు పాత బొంతలు మేకులతో బిగించాను. తలుపు సందుల్లో గోనెపట్టాలు కుక్కాను. కూలర్ హోరు మిగిలిన పని చేసింది. రెండవ రాక్షసుడు గోడ గడియారం. దాని టిక్కుటిక్కు తాళానికి అడ్డం వస్తున్నదని బ్యాటరీ పీకి బల్ల సొరుగులో వేశాను. ఈ విధంగా కాలాన్ని జయించిన మహర్షినై, మా ఊరి బతుకుకు ఆధారమైన రెండింటినీ ఇంట్లో నుంచి బహిష్కరించాను. ఇది గుర్తుంచుకోండి. నేను మరచిపోయాను.

ఇక ఓదెలన్న. మా పక్క క్వార్టరు. బాయి అడుగున ఊరే నీళ్లు తోడే పంపులు నడిపేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయనకు గడియారం లేదు. "సైరన్ ఉండంగ గడియారమెందుకు సారూ" అనేవాడు. కూతురి పెండ్లినాడు కూడ డ్యూటీకి పోయి వచ్చి అప్పగింతలు పెట్టిన మనిషి. సర్వీసు మొత్తంలో ఒక్క మస్టరు తప్పలేదు. మస్టరంటే హాజరు, అది పడనిదే తలకు పెట్టుకునే లైటు ఇవ్వరు, లైటు లేనిదే బాయిలోకి దిగనివ్వరు. అటువంటి ఓదెలన్నకు ఆ ఏకాదశి శనివారమే ఆఖరి డ్యూటీ, సెకండ్ షిఫ్టు. మస్టరు పడి, చివరిసారి దిగి, తన పంపుకు దండం పెట్టుకొని పైకి రావాలి; బాయిని కాచే మైసమ్మకు కొబ్బరికాయ కొట్టాలి; ఆపైన దండలు, బ్యాండు, ఊరేగింపు, ఇంటిదగ్గర దావత్. నెల రోజులుగా ఆయన నోట ఇదే మాట: "ఆఖరి మస్టరు పడి ఒక్కసారి దిగొస్తె, ఇగ నా జన్మకు సాలు సారూ."

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో చుట్టాలు ఇసుక వేస్తే రాలనంత మంది. వాకిట్లో రెండు మేకపోతుల అంత్యక్రియలు జరుగుతున్నాయి. మా ఇంటావిడ కూరగాయల వంట చూడటానికి అక్కడే ఉన్నది. ఇస్త్రీ చేసిన తెల్ల బట్టల్లో ఓదెలన్న మా గడపలో నిలబడ్డాడు.

"సారూ, ఇంట్ల నిలవడ సందు లేదు. సైరన్ అయ్యేదాక మీ దగ్గర కూసుంట."

"రా అన్నా! ఇది నీ జీవితంలో మహత్తర దినం. దీనికి తగిన సంగీతం వినిపిస్తాను."

"గా ముసలోళ్ల పాటలేనా?"

"విద్వాంసులు అనాలి."

"సరే పెట్టుండ్రి. గని సైరన్ కాంగనే లేస్త మరి."

"నేనుండగా నీకేమి ఫికర్?" అన్నాను. అయ్యా, ఈ వాక్యాన్ని మా బడిలో విషాదాంత నాటకానికి మొదటి వాక్యంగా బోధించవచ్చు.

తలుపు బిగించి, గోనెపట్టా సర్ది, ప్లేయరు నొక్కాను. కొంచెంసేపు గడిచింది.

"సారూ, పాట ఎప్పుడు షురూ అయితది?"

"అయింది అన్నా. నడుస్తున్నది."

"నడుస్తున్నదా! నేనింక మనిషి గొంతు సవరిచ్చుకుంటుండనుకున్న."

శాక్సఫోన్ నెమ్మదించింది, టోపీ ముసలాయన అందుకున్నాడు. ఓదెలన్న తల వంచి విన్నాడు.

"ఏడుస్తుండా సారూ?"

"ఏడుపు కాదన్నా. ఏడ్చి, కన్నీళ్లు తుడుచుకొని, ఆ తరువాత మాట్లాడే గొంతు. దీన్నే మన శాస్త్రంలో విప్రలంభమంటారు. అనగా నాయికా నాయకుల ఎడబాటు. అది నాలుగు విధాలు. మొదటిది..."

"మా అయ్య గిట్లనే పాడుతుండె," అన్నాడు ఓదెలన్న, నాతో కాదు, పాటతో. "కల్లు తాగినంక కాదు, తాగకముందు."

నేను మూడవ విధం విప్రలంభంలో ఉండగా గురక వినిపించింది. ఆహా, రససమాధి అనుకున్నాను. సైరన్ కాగానే లేపుదామని కళ్లు మూసుకొని నాలుగవ విధంలో ప్రవేశించాను. ఏకాదశి నాడు పగటి నిద్ర నిషిద్ధమనీ, జాగరణ విధాయకమనీ ఊరందరికీ చెప్పేవాణ్ని నేనే. ఉపవాసపు కడుపు, కూలర్ గాలి, ముసలాయన గొంతు. నాలుగవ విధం ఏమిటో నాకు ఈనాటికీ గుర్తు రాదు.

తలుపు విరిగిపోతున్నంత చప్పుడుకు లేచాను. తెరిస్తే ఓదెలన్న భార్య లచ్చవ్వ, వెనుక మా ఇంటావిడ, వెనుక చుట్టాల సైన్యం.

"సారూ, మా ముసలాయన బాయి కాడ లేడట, గిట్ల..." అంటూ లోపలికి చూసింది. కుర్చీలో ఓదెలన్న నోరు తెరిచి, చంటిపిల్లవానిలా నిద్రపోతున్నాడు. "ఓ దేవుడా! సైరన్ అయి ఎంతసేపాయె! బాయి మీదికి పోయిండనుకుంటిమి గద!"

ఓదెలన్న లేచి కూర్చున్నాడు. "సైరన్ కాలేదు గదనే."

"రెండుసార్లు అయింది!"

ఆయన కిటికీల వంక చూశాడు. బొంతలు. గోడ వంక చూశాడు. గడియారం, నా బుర్రలాగే, కదలకుండా ఉన్నది. నా వంక చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"జల్ది స్కూటర్ తీయుండ్రి!" అన్నది మా ఇంటావిడ.

నా స్కూటర్ మొదటి తన్నుకు లేచిన దాఖలా లేదు. ఆనాడు అది కూడ విద్వాంసుల వాద్యమే వాయించింది: ఒకసారి గొంతు సవరించుకొని, ఆగి, ఆలోచించుకొని, మళ్లీ ఆగి. చివరికి చుట్టాలంతా తోస్తే కదిలింది. దారి పొడుగునా ఓదెలన్న ఒక్క మాటే అన్నాడు: "మస్టరు పడకపోతె దిగనియ్యరు సారూ." రోహిణి ఎండ నా వీపును కాల్చిందో, ఆ మాట కాల్చిందో చెప్పలేను.

బాయి ముందు షామియానా, దండలు, బ్యాండు. మస్టరు గుమాస్తా సదయ్య ఎదురొచ్చాడు.

"ఏడికి పోయినవ్ కాకా? ఇంటికి ఫోన్ చేస్తె బాయి మీదికచ్చిండన్నరు. ఈడ చూస్తె లేవు. గుడి కాడ చూసినం, దవాఖానల చూసినం!"

"మస్టరు?"

సదయ్య తల దించుకున్నాడు. "సెకండ్ షిఫ్టు దిగింది కాకా. బుక్కు బంద్ అయింది."

బ్యాండువాళ్లు వాయించబోయి ఆగిపోయారు. నా జేబులో ఓదెలన్న నియమపాలనను సూర్యచంద్రులతో పోల్చిన సన్మాన పద్యాలున్నాయి. వాటిని ఇంకా లోపలికి నెట్టుకున్నాను.

"లీవు రాయమంటవా కాకా?" అన్నాడు సదయ్య మెల్లగా. "నీకు లీవులు కొల్లలున్నయ్. ఒక్కటి వాడలేదు."

"రాయి బిడ్డా," అని ఓదెలన్న బాయిలోకి దిగే మోఖం దాకా నడిచి నిలబడ్డాడు. తెల్ల బట్టలు, చేతిలో కొబ్బరికాయ. మస్టరు లేనిదే దిగే దారి లేదు. అప్పుడే ఫస్టు షిఫ్టు వాళ్లు పైకి వస్తున్నారు. అందరికంటే ముందు ఆయన శిష్యుడు రాజేశం, పళ్లు తప్ప తక్కినదంతా బొగ్గు.

"ఏందే కాకా, పంపు కాడ నీ కోసం చూసి చూసి వస్తున్న. ఎందుకు దిగలే?"

కడుపునొప్పి అనవచ్చు. స్కూటర్ చెడిందనవచ్చు. ఓదెలన్న సత్యానికి కూడ ఏనాడూ సెలవు పెట్టని మనిషి.

"నిద్రపోయిన్రా."

"నువ్వా? పగటీలా?" రాజేశం నవ్వాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నది. రాజేశం రెండు చేతులూ చాచి ఓదెలన్నను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నువ్వు బాయిలకు రాకపోతేందే, బాయే నీ దగ్గరికచ్చింది. పట్టుకో!"

అతని తరువాత మరొకడు, ఆ తరువాత మరొకడు. ఇస్త్రీ బట్టలు బొగ్గుబారిపోయాయి. ఓదెలన్న వీపు మీద నల్లని అరచేతులు ఒకదానిపై ఒకటి. ఆయన కళ్లు తుడుచుకుంటే మొగం కూడ నల్లబడింది. ఆటోలో నుంచి అప్పుడే దిగిన లచ్చవ్వ, "అయ్యో, కొత్త బట్టలు!" అన్నది. "దిగొచ్చిన మనిషి గిట్లనే ఉంటడే," అన్నాడు ఓదెలన్న. కొబ్బరికాయ పగిలింది. బ్యాండు మోగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను.

"గదంత సరే గని కాకా," అన్నాడు రాజేశం, "ఇంటి నిండ చుట్టాలు, ఇంత ఎండ, పైనుంచి సైరన్. ఎట్ల పండుకున్నవే? వచ్చే వారం నాకు నైట్ షిఫ్టు. పగటీల కన్ను మూతపడక సస్తున్న."

ఓదెలన్న నా వైపు చూపించాడు. బొగ్గు మొగాలన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. అన్ని తెల్లని కళ్లు ఒక్క పండితుని మీద వాలడం మా ఊరి చరిత్రలో అదే ప్రథమం.

"సారూ, ఆ పాటేదో మాకు గూడ ఇయ్యుండ్రి!"

"నాయనలారా, అది నిద్రకు కాదు. రసాస్వాదనకు!"

"ఏదైతేంది సారూ, కన్ను మూతపడితె సాలు."

వారం తిరగకముందే అట్టపెట్టె ఖాళీ అయింది. వెండితల విద్వాంసులు రేకుల ఇండ్లలో, క్వార్టర్లలో, నైట్ షిఫ్టు దిగి వచ్చినవారి తలాపున చేరారు. కాలనీ అంతటా పట్టపగలు శాక్సఫోన్, దానికి సహకార వాద్యంగా గురక. బజారులో నా పేరు పోయి 'నిద్ర సారు' స్థిరపడింది. ఖాజా భాయ్ దగ్గర మొరపెట్టుకుంటే ఆయన సోల్డరింగు ఆపి, ఎంతో ప్రేమగా అన్నాడు:

"మొదలే చెప్పిన గద పండిత్‌సాబ్, అవి గూడ మీ లెక్కనే ఉంటయని. మా పోరడు మీ క్లాసే. ఇంటికొచ్చి చెప్తడు గద."

కావున, త్రికరణశుద్ధిగా, సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఏకాదశి నాడు శాక్సఫోన్ ముట్టను. పనిచేసే మనిషి చెవికీ సైరన్‌కూ నడుమ బొంత కట్టను. విప్రలంభాన్ని మూడు విధాలకు మించి వివరించను.

సర్వధారి నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ షష్ఠి, సోమవారం మధ్యాహ్నం ఓదెలన్న మళ్లీ మా ఇంటికి వచ్చాడు. కిటికీలు తెరిచే ఉన్నాయి. నేను దాచుకున్న ఒకే ఒక్క సీడీలో టోపీ ముసలాయన పాడుతుండగా సెకండ్ షిఫ్టు సైరన్ కూసింది. ఓదెలన్న అలవాటుగా లేచి, గడప దాకా పోయి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆనాడు పాట చివరిదాకా మెలకువతో విన్నాడు.