పైడమ్మ వేలిముద్ర

పైడమ్మత్తది కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. రోజూ తెల్లవారేసరికి చేపల తట్టతో మూడు మైళ్లు నడిచి మా స్టేషనుకు వచ్చేది. పొద్దుటి పాసింజరులో తాడేపల్లిగూడెం వెళ్లి, అమ్ముకుని, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చేది.

మా నాన్న ఏలీయా ఆ స్టేషనులో పోర్టరు. మా ఇల్లు పట్టాల పక్కనే. అమ్మ పోయాక ఐదో తరగతిలో బడి మానేసి నేను ఇంటిపట్టునే ఉన్నాను. కిటికీలోంచి వచ్చేపోయే వాళ్లను చూడటమే నాకు తెలిసిన లోకం.

అప్పట్లో ప్లాట్‌ఫారం అంటే నేల మీద పోసిన కంకరే. పైడమ్మత్త ముందు తట్టను రైలు పెట్టెలోకి నెట్టి, కమ్మీ పట్టుకుని, మోకాలు మెట్టుకు ఆనించి పైకి పాకేది. ఒకరోజు జారిపడింది. మోకాలు వాచినా మర్నాడు మళ్లీ వచ్చింది.

"దీనికంటే తాటిచెట్టెక్కడం నయమే పిల్లా. దిగేటప్పుడు కల్లైనా దొరుకుద్ది," అని నవ్వింది.

1936లో స్టేషను బాగుచేస్తారని తెలిసింది. ఎత్తు ప్లాట్‌ఫారం కోసం అందరూ రైల్వే దొరకు అర్జీ పెట్టాలని రైసుమిల్లు గుమాస్తా భీమశంకరం గారు పూనుకున్నారు. నా దస్తూరి బాగుంటుందని నన్ను పిలిచారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. చివర్లో ఒక వాక్యం చేర్చారు: 'నీచు వాసన వలన పెద్దమనుషులకు ఇబ్బందిగా నున్నది గనుక చేపల తట్టలను ప్లాట్‌ఫారము మీదికి రానీయకుండవలెను.'

నా కలం ఆగింది.

"రాయమ్మా, ఆలోచిస్తావేం?" అన్నారాయన. రాశాను.

వేలిముద్రలకు చేపల ఆడవాళ్లు మా అరుగు చుట్టూ చేరారు. అర్జీ చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గర పైడమ్మత్త మొహంలోకి చూశాను. దాన్ని దాటేసి, "ఇట్లు తమ విధేయులు" అని ముగించేశాను.

అందరికంటే ముందు పైడమ్మత్త బొటనవేలు చాపింది. దాని మీద అడ్డంగా ఒక మచ్చ.

"జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. ఈ గీత చూస్తే దొరకి పైడమ్మదేనని తెలిసిపోద్దిలే!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి ఏడు ప్లాట్‌ఫారం లేచింది. సిమెంటు బెంచీ, కొత్త దీపాలు వచ్చాయి. మొదటిరోజు పైడమ్మత్త తట్టతో పైకొచ్చి, చదునైన ఆ నేలను పాదంతో రాసి చూసుకుంది. నాన్న ఎదురెళ్లాడు.

"అక్కా, తట్టలు ఆ చివర కింద పెట్టుకోవాలంట. ఆర్డరొచ్చింది."

"ఎవరడిగారంట?"

"మీరు ముద్రలేసిన అర్జీలోనే ఉందంట."

ఆమె తట్టతో వాలు దిగింది. చివరి పెట్టె ఆగే చోట మునుపటి కంకరే. మోకాలు మెట్టుకు ఆనించి పాకడం కిటికీలోంచి చూశాను.

మధ్యాహ్నం బండి దిగి నేరుగా మా అరుగు మీదికొచ్చింది.

"ఏవమ్మా మాణిక్యం, అందులో అలా రాసుందా?"

"ఉందత్తా. నేను చదవలేదు."

"మర్చిపోయావా?"

"లేదండీ. మీ మొహం చూసి చదవలేకపోయాను."

"నా మొహం చూసినప్పుడే చదవాలి గదమ్మా," అంది. గొంతు పెంచలేదు. కాసేపు మోకాలు నొక్కుకుని, "ఇంకోటి రాయి. తట్టలు కూడా పైకి రానిమ్మని," అంది.

రాశాను. తేదీతో సహా చదివాను. ఆమె అంతా విని కాగితం మడిచింది.

"విశ్వాసం మేష్టారి చేత కూడా చదివించుకొస్తాను. ఏవనుకోకు."

నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. కుంటుకుంటూ బడి వైపు వెళ్తున్న ఆమె వీపునే చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి తిరిగొచ్చింది.

"సరిగ్గానే ఉందంట," అని వేలు చాపింది.

ఆ మచ్చ మీద సిరా రాస్తూ నేను తలెత్తలేదు.