రామానుజంగారి డీజిల్ మీటరు

రామానుజంగారు మనుషుల్ని కూడా వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతారో అన్నట్టు చూసే రకం. కొత్తగా పెళ్లయిన కుర్రాడెవరో భార్యను పరిచయం చేస్తే, "చాలా సంతోషం. ఇంతకీ నీ కారు ఎంతిస్తోంది?" అని అడిగిన మనిషి. క్వేకర్స్ హిల్ పేటలో ఆయనింటికి భోజనానికి వెళ్లినవాళ్లు పప్పు తిన్నా తినకపోయినా, టైర్లలో గాలి ఎంతుండాలో తెలుసుకోకుండా మాత్రం తిరిగి రాలేదు.

కారు వెనక ట్రైలరు తగిలించిన రోజు ఈ పిచ్చి నెత్తికెక్కేది. బాత్రూంలో బరువు చూసుకునే మిషను వరండాలోకి వచ్చేది. బియ్యం బస్తా, గ్రైండరు, ఇడ్లీ పళ్లేలు, అన్నీ దాని మీద ఎక్కి దిగాల్సిందే.

"సీసా ఎందుకు మంగళా? గోంగూర కవర్లో పెట్టెయ్."

"కారితే?"

"కారినంత మేరా బరువు తగ్గుద్ది."

భార్య మంగళ ముప్పై ఏళ్లుగా ఇలాంటివి వింటూనే ఉంది. స్టీరింగు పక్కన, తనకొక్కడికే కనబడేలా ఆయన అతికించుకున్న చిన్న మీటరు ఆమెకు సవతితో సమానం. బండి ఎంత తాగుతోందో దాంట్లో చూసి, దశాంశంతో సహా గట్టిగా చదివేవారు.

కిందటేడు మంగళ వెన్నెముకలో క్యాన్సరు బయటపడింది. డాక్టరమ్మ ఎంతో మెత్తగా మాట్లాడింది. ఆ మెత్తదనంతోనే మంగళకు సంగతి అర్థమైపోయింది. ఆ రోజు నుంచి స్నేహితులంతా ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడసాగారు. రామానుజంగారు మాత్రం మారలేదు. ఆస్పత్రిలో నర్సు ఆమె బరువు చూసి మొహం దించుకుంటే, ఈయన మిషను మీదికి వంగి, "పది కిలోలు తగ్గావే! ఈసారి ట్రైలరుతో వెళ్తే మైలేజీ అదిరిపోద్ది" అన్నారు.

"డాడీ! హౌ కెన్ యూ సే దట్?" అంటూ కూతురు గీతిక ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. మంగళకు మాత్రం ఆ నెలలో మొదటిసారి నవ్వొచ్చింది.

ఆమెకు ఒక్క కోరిక మిగిలింది. సముద్రం ఒడ్డున ఈడెన్ ఊరి దగ్గర, పిల్లల్ని వెంటేసుకుని దక్షిణానికి తిరిగి వెళ్లే తిమింగలాలను చూడాలి. అవి ఏటా వస్తాయి. వచ్చే ఏటికి తనుంటుందన్న నమ్మకం ఆమెకు లేదు.

అంత దూరం వెళ్లేముందు దగ్గర్లో రెండుసార్లు తిరిగి చూశారు. మొదట అద్దెకు తెచ్చింది ఎత్తయిన కారవాన్, కారు వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు. హైవే మీద పక్కగాలికి అది ఊగి కారును కుదిపేస్తే, నడుం కలుక్కుమని మంగళ పెదవి కొరుక్కుంది. మర్నాడే దాన్ని తిరిగిచ్చేశారు. "ఇంటి గోడను లాక్కెళ్లినట్టుంది. వందకు పద్దెనిమిది లీటర్లు తాగింది, దుర్మార్గపుది!" అన్నారు.

రెండోది మడతపెట్టే టెంటు ట్రైలరు. పొట్టిది, తేలికది, పన్నెండు లీటర్లకే లొంగింది. కానీ పడుకోవాలంటే నిచ్చెనెక్కాలి. మంగళ రెండో మెట్టు మీద ఆగిపోయి, దిగివచ్చి కార్లోనే కునుకు తీసింది. దాన్నీ ఇచ్చేశారు. "మంచుకు టెంటు గుడ్డ తడిసి బరువెక్కుతోంది. అంతా మోసం!" అన్నారు. చివరికి దారిలో పైకప్పు కిందికి దించుకుని, ఆగాక పైకి లేపుకునే పాప్‌టాప్ ఒకటి ఖాయమైంది. దాంట్లో మంచం కిందే ఉంటుంది.

అక్టోబరులో బయల్దేరారు. వేగం ఎనభై దాటితే ఒట్టు. ఊరంత కారవాన్ లాగుతున్న ముసలి దంపతులు దాటిపోతూ వీళ్ల వైపు జాలిగా చెయ్యి ఊపారు. వెనక లారీలవాళ్లు హారన్లతో తిట్టారు. రోడ్డు గతుకొచ్చినప్పుడల్లా ఈయన "పద్నాలుగు! పద్నాలుగు దాటింది!" అని కేకేసి, వేగం ఇంకా తగ్గించేవారు. మంగళకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

బేట్‌మన్స్ బే ఊరు దాటాక ఓ చెట్లనీడన ఆగారు. ఆయన దిగి టైర్లు తట్టి చూసుకుంటున్నారు. మంగళకు నొప్పి భరించరానిదైంది. ఇక నావల్ల కాదు, వెనక్కి పోదాం అని చెప్పేయాలనుకుంది. కళ్లు తుడుచుకుందామని ఆయన వైపున్న టిష్యూ డబ్బా కోసం వంగింది. అప్పుడు మీటరు కనబడింది.

అది వెలగడం లేదు. దాని వైరు కిందికి వేలాడుతోంది, ప్లగ్గు ఆయన తలుపు అరలో పడుంది. ఆ పాత కారులో ఉన్నది ఒక్కటే సాకెట్టు. అందులో మంగళ నడుం వెనక పెట్టుకునే హీటింగ్ ప్యాడ్ ప్లగ్గు ఉంది. జబ్బు చేసిన కొత్తలో ఆయనే కొనుక్కొచ్చి, ఆయనే తగిలించిన ప్యాడ్.

అంటే అప్పట్నుంచీ మీటరు చచ్చిపోయే ఉంది. మరి ఆ పద్దెనిమిది? ఆ పన్నెండు? కారవాన్ ఊగినప్పుడు తను పెదవి కొరుక్కోవడం, నిచ్చెన మీద ఆగిపోవడం గుర్తొచ్చాయి. గతుకులో తను మూలిగినప్పుడే పద్నాలుగు దాటుతుందని ఇప్పుడు తెలిసింది. మెల్లగా పోనివ్వండి అని తను నోరు తెరిచి అడగాల్సిన పని లేకుండా చేశాడీయన. మంగళ గుండె నిండిపోయింది. ఆ వెంటే నవ్వు తన్నుకొచ్చింది. ముప్పై ఏళ్లు దశాంశం కూడా వదలని మనిషి, ఇన్నాళ్లుగా నోటికొచ్చిన అంకె చెబుతున్నాడు!

ఆయన వచ్చి కూర్చున్నారు. ఆమె మొహం ఓసారి చూసి, చూపు తిప్పుకున్నారు.

"వెనక్కి పోదామా మంగళా? ఇక్కణ్నుంచి ఎదురుగాలంట. డీజిల్ దండగ."

"ఇప్పుడెంత చూపిస్తోందండీ?"

ఆయన కళ్లజోడు సర్దుకుని, చీకటి మీటరులోకి శ్రద్ధగా చూశారు. "పదమూడు పాయింట్ ఆరు."

"డెబ్బైలో పోతే?"

"పదకొండుకి దిగుద్ది."

"అయితే డెబ్బైలోనే పోనివ్వండి. పిల్లల్నేసుకుని ఆ తిమింగలాలు మాత్రం పరిగెడతాయా ఏంటి?"

బండి కదిలింది. వెనక లారీ హారన్ కొడితే, మంగళ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దాటిపొమ్మని దర్జాగా ఊపింది. కాసేపటికి వంతెన మీద చక్రం ఎగిరిపడి నడుం కలుక్కుమంది. ఆయన నోరు తెరిచేలోపే ఆమె అంది:

"పదిహేను."

రామానుజంగారు ఆమె వైపు చూశారు. మీటరు వైపు చూశారు. బ్రేకు మీద మెల్లగా కాలు వేశారు.

"పద్నాలుగున్నర," అని సరిదిద్దారు.