ముహూర్తం వైరు

బందరు నుంచి పెడన వెళ్ళే రోడ్డులో ఒక ఫంక్షన్ హాలుంది. ఆ హాలు కప్పు తగలబడిపోకుండా రెండేళ్ళ నుంచి వట్టి కంటిచూపుతో ఆపుతున్న మనిషి పేరు మార్కండేయులు. నమ్మకపోతే హాలుకి ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న నాగబాబుని అడగండి. ఇప్పటికి రెండువందల పన్నెండు పెళ్ళిళ్ళు గట్టెక్కించాడని లెక్క చెబుతాడు. ఆయన రెప్ప వేస్తే చాలు, తలంబ్రాల్లో ముత్యాలతో పాటు నిప్పురవ్వలు కూడా రాలిపడేవట. ఒకసారి సరిగ్గా తాళికట్టు వేళకి ఎడమ కంట్లో దోమ పడితే, ఆ కన్ను మూసుకుని కుడికంటితోనే మూడుముళ్ళూ వేయించాడట. నాగబాబు కొట్లో టీ పలచన గానీ మాట మాత్రం చిక్కన.

మార్కండేయులుకి యాభై ఆరేళ్ళు. పెడనలో నేతవాళ్ళ పిల్లాడు. తండ్రి మగ్గం మీద పోగు తెగితే, బేరగాడు గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నా సరే, మగ్గం ఆపి, పోగు అతికి, వేలితో రెండుసార్లు లాగి చూసి అప్పుడు మళ్ళీ కదిపేవాడు. ఆ వేలు కొడుక్కి వచ్చింది. మగ్గం రాలేదు. పందొమ్మిదో ఏట పోగు వదిలి వైరు పట్టుకున్నాడు. వైర్‌మన్ పర్మిటు సంపాదించాడు. బందరుకి ఫాల్స్ సీలింగులు వచ్చిన కొత్తలో ఆ తెల్ల పలకల వెనక ఏముందో తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే ఇద్దరు. ఒకటి ఎలుక, రెండు మార్కండేయులు. పైగా ఎలుక అడ్డదారిన వెళ్ళేది, ఈయన నిబంధనల ప్రకారం వెళ్ళేవాడు.

ఆ నిబంధనలు ఆయనకి నోటికొచ్చు. కప్పు వెనకాల పెట్టే ఏ యంత్రానికైనా కరెంటు పైపులోంచే వెళ్ళాలి. ఆ పైపు శ్లాబుకి బిగించి ఉండాలి తప్ప సీలింగు పలకల మీద పాములా పడుకోకూడదు. పిన్ను గుచ్చే మెత్తటి వైరుని, ఎక్స్‌టెన్షన్ బాక్సుని అసలు పైకి ఎక్కనివ్వకూడదు. అతుకు ఉన్నచోట మూత ఉన్న పెట్టె ఉండాలి, ఆ పెట్టె దగ్గరికి చెయ్యి పోయేందుకు పలకలో చిన్న తలుపుండాలి. ఎందుకింత చాదస్తం బాబాయ్ అని కుర్రవాళ్ళు ఎగతాళి చేస్తే, కంటికి కనపడని చోట మనిషి దొంగవుతాడు, వైరు కూడా అంతే, అనేవాడు. ముప్పై ఏళ్ళు అలా అంటూనే బతికాడు. దొంగయింది ఒక్కసారి.

హాలు కట్టిన ప్రకాశరావు గారిది బంటుమిల్లి వైపు. రొయ్యల చెరువుల మీంచి పెళ్ళిళ్ళ మీదకి వచ్చాడు. హాలంతా సీలింగులో పొదిగిన, నాలుగు వైపులా గాలి వదిలే ఏసీలు పెట్టించాడు. అవి వదిలే నీళ్ళని పైకి తోసి బయటికి పంపాలి. అందుకు ప్రతి ఏసీ పక్కనా టిఫిను డబ్బా అంత పంపు ఉంటుంది. వేదిక మీద ఏసీకి ఆ పంపు తేవడం మరిచిపోయారు. తీరా తెచ్చింది ఎప్పుడయ్యా అంటే హాల్లో మొదటి పెళ్ళి నాటి పొద్దున ఏడింటికి. మోపిదేవి నుంచి మగపెళ్ళివారు బయల్దేరిపోయారు, ముహూర్తం పది నలభై రెండు. పంపుకేమో మూడు పిన్నుల వైరు వేలాడుతోంది. పైన దాన్ని కలిపే పాయింటు లేదు.

"ముహూర్తం వైరు లాగెయ్ మార్కండేయులూ. పెళ్ళవగానే తీసేద్దువు గాని," అన్నాడు ప్రకాశరావు.

ఈ దిక్కున ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన మాటే అది. పందిరి గుంజకి చుట్టి, సీరియల్ బల్బులకీ మైకుకీ లాగే వైరుని ముహూర్తం వైరంటారు. దానికి పైపుండదు, పెట్టె ఉండదు, ఎవరూ తప్పు పట్టరు. మర్నాడు మామిడాకులతో పాటు అదీ దిగిపోతుంది. అందరి కళ్ళ ముందూ వేలాడుతుంది కాబట్టి తీయడం ఎవరూ మరిచిపోరు. మార్కండేయులు ఆ మాట విని, చెయ్యి దానంతటది కదిలినట్టు, ఏసీ లైన్లోంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి పలక మీద పడుకోబెట్టాడు. పంపు పిన్ను అందులో గుచ్చాడు. సీలింగువాళ్ళు ఆఖరి పలక బిగించి, పుట్టీ రాసి, దాని మీద బంగారు రంగు తామరపువ్వు అతికించారు. తొమ్మిదికల్లా అయిపోయింది. పందిట్లో వేసే వైరుని కప్పు వెనక వేశానని ఆయనకి మేళం మొదలయ్యాక తట్టింది.

మర్నాడు ఆదివారం ప్రకాశరావు కాగితం తెచ్చాడు. వైరింగు పని నిబంధనల ప్రకారం పూర్తయిందని లైసెన్సున్న మనిషి రాసిచ్చేది. ఎలాగూ సోమవారం విప్పుతాం కదా, పెట్టెయ్, అన్నాడు. సోమవారం చెయ్యబోయే పనికి మార్కండేయులు ఆదివారం సంతకం పెట్టాడు.

సోమవారం నిచ్చెన వేసుకుని వెళ్తే, పువ్వుకి కన్నం పెడతావా అని నవ్వాడు ప్రకాశరావు. ఆ తర్వాత బుకింగులు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు గదాని మార్కండేయులు రెండు నెలలు వేళ్ళు మడిచి కూర్చున్నాడు. ఆషాఢం రానే వచ్చింది, దాంతో పాటు హాల్లోకి ఆషాఢం చీరల సేలూ వచ్చింది. మూఢంలో చూద్దామంటే రంగులు వేయించారు. కార్తీకంలో తామరపువ్వు అంచున గోధుమరంగు మరక కనిపించింది. పంపు దగ్గర చెమ్మ దిగుతోందన్నమాట. బాక్సు ఉన్నది అక్కడికి జానెడు దూరంలో. పరుగున వెళ్ళి చెప్పాడు. ప్రకాశరావు వెంటనే మనిషిని పిలిపించి మరక మీద మరో పువ్వు అతికించాడు.

"అది వేడెక్కితే పొగ కిందికి రాదండి, పైనే తిరుగుద్ది. మనకి తెలిసేసరికి పలకలే ఊడిపడతాయి. కిందేమో పెళ్ళిపీటలు," అన్నాడు మార్కండేయులు.

"ఎన్ని పెళ్ళిళ్ళయినయ్? ఏవన్నా అయిందా?"

ఏమీ కాని ప్రతి పెళ్ళీ ప్రకాశరావు చేతికి ఇంకో సాక్ష్యం.

కరెంటాఫీసుకి వెళ్ళాడు. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు. మీటరు దాటాక మా పరిధి కాదండీ అంటూనే ఫైలు తీయించి చూశాడు.

"పని నిబంధనల ప్రకారం ఉందని రాసిందెవరండీ?"

"నేనేనండి."

"లేదని ఇప్పుడు చెబుతున్నదెవరు?"

"నేనే."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇద్దరిలో ఎవర్ని నమ్మమంటారు?"

మార్కండేయులు జేబులోంచి పర్మిటు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఇది మీరు ఉంచేసుకుని ఆ పలక తెరిపించండి అన్నాడు. దానికీ ఓనరు అర్జీ ఉండాలన్నారు. కార్డు మళ్ళీ జేబులోకే వచ్చింది. బందరులో పర్మిటు కోసం తిరిగినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, పర్మిటు తీసుకోండి బాబూ అని తిరిగినవాడు ఈయనొక్కడే. ఆ రికార్డు మాత్రం నాగబాబు ఎక్కడా చెప్పడు, అది నిజం కాబట్టి.

వైశాఖంలో గుడివాడ సుబ్బారావు గారి అమ్మాయి పెళ్ళి కుదిరింది, అదే హాల్లో. మూడు రోజుల ముందు మార్కండేయులు బస్సెక్కి గుడివాడ వెళ్ళి, చేసిన తప్పు మొదట్నుంచీ చెప్పాడు. సుబ్బారావు మజ్జిగ ఇప్పించి, అంతా విని, మిమ్మల్ని ఏ పోటీ హాలువాళ్ళు పంపించారని మెల్లగా అడిగాడు. శుభలేఖలు పంచేశాం అండీ, ఇప్పుడిలాంటి మాటలు మా ఆడవాళ్ళ చెవిన పడనివ్వకండి అని గేటు దాకా వచ్చి సాగనంపాడు.

పెళ్ళి రోజు ఎవరూ పిలవకుండానే వెళ్ళాడు. జీలకర్రా బెల్లం పెట్టే వేళకి ప్యానెలు గదిలోకి దూరి, వేదిక మీది ఏసీ బ్రేకరు కిందికి దించేశాడు. పంపుకీ కరెంటు అందులోంచే. ఆ అరగంట ఆయన గుండె మీంచి బండ దిగినట్టుంది. వేదిక మీద మాత్రం పెళ్ళికూతురి కాటుక చెంపల మీదికి దిగింది, పురోహితుడు మంత్రానికొకసారి ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. పెళ్ళికూతురి నాయనమ్మ అచ్చమ్మ గారు సొమ్మసిల్లి ఒరిగిపోయారు. నీళ్ళు చల్లి లేపారు. ప్రకాశరావు ప్యానెలు గదికి వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూసి, బ్రేకరు పైకి ఎత్తాడు. చల్లగాలి తగలగానే అచ్చమ్మ గారు చల్లగా ఉండు నాయనా అని ప్రకాశరావునే దీవించారు.

"పెద్దోడివి, నీ మీద చెయ్యి చేసుకోను. ఇంక గేటు దాటి లోపలికి రావద్దు," అన్నాడు ప్రకాశరావు.

ప్యానెలు గదికి తాళం పడింది. పెళ్ళిలో కరెంటు తీసేసిన మనిషని ఊరంతటికీ తెలిసిపోయింది. ఇక పనికి పిలిచే ఇల్లు లేదు. ముప్పై ఏళ్ళ నిబంధనలు ఎవరికీ గుర్తు లేవు, ఒక్క పూట చెమట అందరికీ గుర్తుంది. భార్య మంగమ్మ ఒకనాడు అన్నం వడ్డిస్తూ, అది ఎప్పుడు కాలుద్దని అడిగింది. తెలీదు, కాలకపోనూ వచ్చు అన్నాడు. కాలకపోతే మంచిదే కదా అంది. మంచిదే అన్నాడు, కానీ అన్నం కలపడం మధ్యలో ఆపేశాడు. పొగ రాకూడదని కనిపెట్టుకుని కూర్చున్న కళ్ళు, ఒక్కోసారి పొగ కోసమే చూస్తున్నాయేమోనని ఆయనకి ఆ ముద్ద దగ్గర తోచింది. ఆ పూట తర్వాత అన్నం సగం సగమే తింటున్నాడు.

ఇప్పుడు ముహూర్తం ఉన్న ప్రతి పొద్దునా నాగబాబు కొట్టు బల్ల మీద కూర్చుంటాడు. గేటు కనిపిస్తుంది, కప్పు అంచున గాలి వదిలే జాలీ కనిపిస్తుంది. మేళం ఉధృతమై తగ్గేదాకా టీగ్లాసు చేతిలోనే చల్లారుతుంది. తర్వాత లేచి ఇంటికి వెళ్తాడు.

మొన్న హంసలదీవి వాళ్ళ పెళ్ళి. బస్సు దిగిన నలుగురు టీ కోసం ఆగితే నాగబాబు మొదలుపెట్టాడు. కంటిచూపు, రెండువందల పన్నెండు పెళ్ళిళ్ళు, దోమ, అన్నీ. వాళ్ళు ఈ మనిషిని వింతగా చూశారు. లోపల పీటల మీద కూర్చోబోయేది ఆ నలుగురిలో ఒకాయన మేనకోడలు. నువ్వే చెప్పు బాబాయ్, చూపుతోనే గదా అన్నాడు నాగబాబు, గ్లాసులు కడుగుతూ.

మార్కండేయులు టీగ్లాసు బల్ల మీద పెట్టాడు.

"రెండొందల పన్నెండు కాదు, ముప్పై ఒకటి. చూపుతో ఏదీ ఆగదండి. ఆ కప్పు వెనక తప్పుడు వైరు పెట్టింది నేనే. ఇంకా అక్కడే ఉంది."