నాయుడుగారి ట్రాన్సిస్టరు

నిన్న ఆటోలో వస్తుంటే డ్రైవరు పెట్టుకున్న పాత రేడియో ఉన్నట్టుండి గరగరమంది. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక పాట మళ్లీ తేటపడింది. డ్రైవరు విసుక్కున్నాడు గానీ, నాకు మాత్రం మా వరదరాజులు నాయుడుగారు పక్కనే కూర్చున్నట్టు ప్రాణం లేచొచ్చింది.

తొంభైలలో చెన్నైలో ఆఫీసులకు కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుళ్లు వేసే చిన్న కంపెనీ ఆయనది. నా మొదటి ఉద్యోగం అక్కడే. ఎక్కడికి వెళ్లినా ఆయన ముందు మోటార్లు, ట్యూబులైట్లు అన్నీ వేయించి, స్టేషన్ లేనిచోట ముల్లు పెట్టిన ట్రాన్సిస్టరు పట్టుకుని గోడల వెంట నడిచేవారు. గరగర ఎక్కువైన చోట కరెంటు అలజడి ఎక్కువని, అటు కేబులు వేస్తే అందులో వెళ్లే సమాచారం చెదిరిపోతుందని లెక్క. చూసినవాళ్లు నవ్వేవారు. మొదట్లో నేనూ నవ్వాను.

వాషర్‌మెన్‌పేట్‌లో పెళ్లికార్డుల ప్రెస్సు పనిని పూర్తిగా నాకే అప్పగించారు. యజమాని మునిరత్నంగారికి లోపల రేకు చుట్టిన షీల్డెడ్ కేబులే కావాలి. "దుడ్డు గురించి యోచన చేయొద్దమ్మా, మంచిదే వెయ్యి," అన్నారు. నేను ట్రాన్సిస్టరుతో నడిచాను. అచ్చు యంత్రాల గోడ దగ్గర దాని గరగరకు చెవులకు చిల్లులు పడ్డాయి. వెనక వరండాలో గరగర దాదాపు లేదు. ఆ పాత మేడలో ఎర్తింగ్ పేరుకే ఉంది. రేకు పట్టుకున్న అలజడికి భూమిలోకి దిగే దారి లేకపోతే ఆ రేకే దాన్ని మోసుకు తిరుగుతుంది. అందుకే రేకులేని మామూలు కేబులే వరండా వైపు నుంచి వేస్తానన్నాను.

మునిరత్నంగారు వెంటనే నాయుడుగారికి ఫోన్ చేశారు. "ఏంది సామీ ఇది? ఈ పిల్ల నాకు చవకది అంటగడతాండాది. ముహూర్తాల సీజన్లో కంప్యూటర్లు ఆగిపోతే నా గతేంది?" అని అరిచి, రిసీవరు నా చేతికిచ్చారు. ఉద్యోగం ఊడినా సరే, మాట మార్చకూడదనుకున్నాను.

"ఆడ రేడియో పట్టుకుని నడిచింది నువ్వా, నేనా?" అన్నారు నాయుడుగారు.

"నేనే సార్."

"మరి నన్నేల అడిగేది? నువ్వు చెప్పిందే వెయ్యి. సరి, ఫోను పెట్టేయ్."

మునిరత్నంగారు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. నెట్‌వర్క్ ప్రారంభం రోజున నాయుడుగారు కావాలనే రాలేదు. యంత్రాలన్నీ ఒకేసారి నడిపించమన్నాను. నేల అదిరింది. ముందుగదిలో దిద్దిన కార్డు లోపలి గది కంప్యూటర్లోకి అక్షరం చెదరకుండా వచ్చింది. మునిరత్నంగారు తొలి కార్డుకు పసుపు రాసి నా చేతిలోనే పెట్టారు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఇప్పుడు నా కంపెనీలో ఖరీదైన మీటర్లున్నాయి. ఎర్తింగ్ బాగుండి, యంత్రాల పక్క నుంచి తప్ప దారి లేని చోట షీల్డెడ్ కేబులే వేయిస్తాను. అయినా కొత్తగా చేరినవాళ్ల చేతికి ముందుగా ఇచ్చేది నాయుడుగారి ట్రాన్సిస్టరే. వాళ్ల మీద కస్టమరెవరైనా నాకు ఫోన్ చేసి అరిస్తే, రవ్వంత కూడా తడుముకోను. ఫోను వాళ్లకే ఇమ్మని, ఒక్కటే అడుగుతాను.

"ఆడ నడిచింది నువ్వా, నేనా?"