ఎదురింటి గడియారం

మా ఎదురింటి హంగరీ ఆంటీ గత బుధవారం ఉదయం ఆరూ పదికి పోయారు. సింగపూర్ క్లెమెంటిలో, తన ఫ్లాట్‌లో, తన మంచం మీదే. ఎనభై ఏడేళ్లు. రెండు వారాల ముందు బుడాపెస్ట్ నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలి కూతురు మా తలుపు తట్టి, "అయిపోయింది. ఒకసారి వస్తారా?" అంది.

పదమూడేళ్లు ఎదురుబొదురుగా ఉన్నాం. ఆవిడ గురించి నాకు తెలిసింది కొంచెమే. ముప్ఫై ఏళ్లు ప్రశ్నలడిగి బతికిన విలేకరిని. ఆవిడ దగ్గర మాత్రం ప్రశ్నలు సాగేవి కావు. వాళ్లది హంగరీలో పాత భూస్వాముల కుటుంబం. ఆవిడ చిన్నతనంలోనే పొలాలూ భవంతీ ప్రభుత్వం తీసుకుంది. "మర్యాద ఒక్కటే తీసుకోలేకపోయారు," అనేవారు. చెత్త పారేయడానికి వెళ్లినా ఇస్త్రీ చేసిన గౌనే. మా అమ్మాయి బల్ల మీద మోచేతులు ఆనిస్తే వేలితో తట్టేవారు.

"ఆంటీ, యూ సో స్ట్రిక్ట్ లా!" అని అది సింగపూర్ ఇంగ్లీషులో గునిసేది.

"బల్ల ఉన్నది నా కేకు పెట్టడానికి, నీ మోచేతులకి కాదు."

ఆ పిల్ల చేతిలోంచే ఒకసారి ఆంటీ పుట్టింటి నాటి కప్పు జారి ముక్కలైంది. ఆంటీ చీపురు తెస్తూ, "మంచి పని చేశావు. దాని పిడి మొదట్నుంచీ నాకు నచ్చదు," అన్నారు.

నాకు ఆ రోజే అర్థం కావాల్సింది.

ఆవిడ హాల్లో గోడకు లోలకం గడియారం ఉండేది. మేం వచ్చినప్పటి నుంచీ అది నాలుగూ ఇరవై దగ్గరే ఆగి ఉండేది. ఆరేళ్ల క్రితం తుంటి ఆపరేషన్‌కి వెళ్తూ, మొక్కలకు నీళ్లు పోయమని ఇంటి తాళంచెవి మాకిచ్చారు.

"ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉండకూడదండీ. ఒంటరి మనిషి, పైగా ఆపరేషను. బాగుచేయించి పెడదాం," అంది నా భార్య.

నాకూ సబబే అనిపించింది. దుకాణంలో చైనీస్ ముసలాయన వెనక తలుపు తీసి చూశాడు. "స్పాయిల్ ఏం లేదు లా. ఎవరూ కీ ఇవ్వలేదు, అంతే," అన్నాడు.

పాడవని గడియారానికి కీ ఎందుకు ఇవ్వలేదు? కొత్తగా చేరిన రిపోర్టరైనా అడిగే ప్రశ్న. నేను అడగలేదు.

ఆంటీ చేతికర్రతో ఇంటికొచ్చిన రోజు గుమ్మంలోనే ఆగిపోయారు. లోపల టిక్కు టిక్కుమంటోంది. మెచ్చుకుంటారని మేం ముగ్గురం ఆవిడ ముఖంకేసి చూస్తున్నాం. ఆవిడ చెయ్యి గోడకి ఆనింది. అలాగే నిలబడి అడిగారు: "ఎన్నింటికి మొదలుపెట్టారు?"

"మంగళవారం పదకొండున్నరకండీ," అన్నాను.

"చాలా శ్రమపడ్డారు. కూర్చోండి, టీ పెడతాను."

సరిగా నిలబడలేని మనిషి, టీ తనే పెట్టారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పదింటికి ఆవిడే కీ ఇచ్చేవారు. ఆ కాసేపూ తలుపు బార్లా తీసి ఉంచేవారు, కీ తిరిగే చప్పుడు మాకు వినిపించేలా. మాకు గర్వంగా ఉండేది.

బుధవారం నేను వెళ్లేసరికి చెల్లెలి కూతురు కిటికీ తెరిచి ఉంచింది. అద్దం మీద నల్లగుడ్డ కప్పింది. గడియారం ముందు నిలబడి, "మా వైపు మనిషి పోతే గడియారం ఆపుతాం," అంది. "ఇది ఇదివరకే ఒకసారి ఆపిన గడియారం. మీకు తెలుసా?"

అక్కడే నిలబడి చెప్పింది. పద్దెనిమిదేళ్లప్పుడు ఆంటీ ఇష్టపడింది వాళ్ల పాత ఎస్టేటు గుమస్తా కొడుకుని. తండ్రి ఎప్పుడో సాటి కుటుంబానికి మాటిచ్చి ఉన్నాడు. ఎస్టేటు లేదు, మాట ఉంది. ఊళ్లోకి సోవియట్ ట్యాంకులు వచ్చిన ఏడాది ఆ మాట ప్రకారం పెళ్లి చేసి, భర్తతో సరిహద్దు దాటించారు. సింగపూర్‌లో భర్త ఓడల ఇంజనీరు. ఆవిడ పుట్టింటిదానిలాంటి గడియారం కనిపిస్తే కొనుక్కొచ్చి, ప్రతి ఆదివారం పదింటికి ఆయనే కీ ఇచ్చేవారు. నలభై ఏళ్లకు చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: గుమస్తా కొడుకు సాయంత్రం నాలుగూ ఇరవైకి పోయాడని. ఆంటీ ముళ్లు అక్కడికి తిప్పి, లోలకం పట్టుకుని ఆపారు.

"మరి అంకుల్?" అన్నాను.

"ఆ ఆదివారం పదింటికి గడియారం దాకా వచ్చారట. చూశారట. కీ సొరుగులో పెట్టేశారట. ఆ తర్వాత పదకొండేళ్లు బతికారు, ఒక్క మాట అడగలేదు. 'ఆయన నాకోసం చేసినవాటిలో ఇదే పెద్దది' అని పెద్దమ్మ మా అమ్మకు రాసింది."

"మేం నడిపించినప్పుడు మళ్లీ ఆపేయొచ్చు కదా? పాడైందంటే నమ్మేవాళ్లం."

ఆమె తల అడ్డంగా ఊపింది. "మీరు ప్రేమతో చేశారు కదా. ఇప్పుడు మీరే ఆపండి."

"ఎన్నింటికి?"

ఆమె పక్కకు జరిగింది. ఏడు కావస్తోంది. ముళ్లు వెనక్కి తిప్పకూడదని దుకాణంలో ముసలాయన చెప్పాడు, ముందుకే తిప్పాను. దారిలో ప్రతి గంటా కొడుతూనే వచ్చింది. నాలుగు కొట్టాక, ఇరవై దగ్గర లోలకం పట్టుకున్నాను. నా వేళ్ల మధ్య అది ఇంకా కాస్త లాగింది.

గడియారం వెనక ఆంటీ చేతిరాతతో చీటీ అంటించి ఉంది: ఎదురింటివారికి.

ఇప్పుడది మా హాల్లో ఉంది. నిన్న ఆదివారం సెంగ్‌కాంగ్ నుంచి మిత్రుడొచ్చాడు. "ఏంటి గురూ, గడియారం ఆగిపోయింది? నాకు తెలిసిన షాపుంది, ఇస్తావా?"

"పాడవలేదన్నయ్యా," అని నా భార్య టీ పెట్టడానికి లేచింది. అతను ఇంకేమీ అడగలేదు.

పదయింది. మా అమ్మాయి లేచి వెళ్లి, మూసి ఉన్న ఎదురింటికి ఎదురుగా మా తలుపు బార్లా తీసి వచ్చింది.