మూస్ తలకాయ పంచాయితీ

ఆ రోజుల్లో మా దగ్గర పుష్కలంగా ఉన్నది అలసట ఒక్కటే. తొంభైల్లో దోహాలో పనిచేసిన బ్రహ్మచారుల్ని (పెళ్ళయి, పెళ్ళాం ఊళ్ళో ఉన్నవాళ్ళు కూడా అక్కడ బ్రహ్మచారుల కిందే లెక్క) ఎవర్ని కదిపినా ఇదే మాట చెబుతారు. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం ఎండలో పడి గదికొచ్చి నాలుగు మెతుకులు తిని ఓ కునుకు, సాయంత్రం మళ్ళీ డ్యూటీ. ఆ కునుకుతో అలసట తీరేది కాదు సరికదా, రోజుకి రెండుసార్లు నిద్ర లేవాల్సిన శిక్ష అదనంగా పడేది. అంత అలసిపోయినవాళ్ళు ఖాళీ దొరికితే పడుకుంటారని మీరనుకుంటారు. మేము మాత్రం కెనడా వెళ్ళి మూస్‌ని వేటాడే ఏర్పాట్లు చేసుకునేవాళ్ళం. మాలో ఎవరూ కెనడా మొహం చూడలేదు. ఒక్క తుపాకీ పేల్చలేదు. మూస్ అనే జంతువు ఒకటుందని కూడా అంతకు కొన్ని నెలల ముందు దాకా మాకు తెలియదు.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో ఓ విల్లా వెనక గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను హైదరాబాదు నుంచి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో గీతలు గీసేవాణ్ణి, పైగా మాంసం ముట్టనివాణ్ణి. రెండో ఆయన గోదావరి జిల్లా అకౌంటెంటు. నాకు ఏ చుట్టరికమూ లేదు కానీ బాబాయి గారూ అని పిలిచేవాణ్ణి. మూడో ఆయన జగిత్యాల వైపు నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రి. ఆజాద్ వీసా మీద, అంటే ఫలానా కంపెనీ అంటూ లేకుండా వచ్చి, దొరికిన చోటల్లా పనిచేసేవాడు. (గల్ఫ్ అంటే దుబాయే అనుకునే ఆయన ఊరివాళ్ళు, ఆయన దుబాయ్‌లోనే ఉన్నాడని చెప్పుకునేవారట. దిద్దడం ఆయన ఎప్పుడో మానుకున్నాడు.) ఆ విల్లాకి నేలంతా టైల్స్ పరిచింది ఆయనే. యజమానికి ఆ పని నచ్చి, మా గదిలో ఓ మంచం వేసుకోనిచ్చాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మి అనేవాడు.

వంట పని మేస్త్రన్నది. ఎవరూ అలా తీర్మానించలేదు, అలా జరిగిపోయిందంతే. మోచేతులకి సిమెంటుతో వచ్చి, కడుక్కుని, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళేవాడు. ముందు నా పప్పు విడిగా వేరే గిన్నెలో వండి మూతపెట్టి, ఆ తర్వాతే కోడికూరకి గంటె తీసేవాడు. మేం సాయం చేస్తామని అనకపోలేదు. కాకపోతే ఆ మాట ఆయన పోపు పెట్టాక అనేవాళ్ళం.

ఇలా ఉండగా మా ఆఫీసులో ఒక కెనడా ఇంజినీరు కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోతూ, తన సొరుగులో ఉన్న పాత వేట పత్రికలన్నీ నా చేతిలో పెట్టాడు. పారేయమని ఇచ్చాడో, చదువుకోమని ఇచ్చాడో ఇప్పటికీ తెలియదు. నేను గదికి పట్టుకొచ్చాను. అట్ట మీదే ఉంది మూస్. గుర్రం కంటే ఎత్తు, చేటల్లాంటి కొమ్ములు, గడ్డం కింద వేలాడే తోలు సంచీ, కిందికి జారిన పొడుగు మూతి. అది కూడా రెండు డ్యూటీలు చేసి వచ్చినట్టే ఉంది. అందుకే మాకు చూడగానే ఆత్మీయంగా అనిపించిందేమో. కానీ మేస్త్రన్న కళ్ళు దాని కొమ్ముల మీద లేవు. అది నిలబడ్డ చెరువు మీద ఉన్నాయి. పొట్టదాకా చల్లటి నీళ్ళలో నిలబడి, మూతి ముంచి కలువ తూళ్ళు నములుతోంది. మాకేమో ఆ ఆగస్టులో డాబా మీద ట్యాంకులోని నీళ్ళు కాగిపోయి, గీజరు ఆర్పేసి అందులో చల్లారిన నీళ్ళతో స్నానం చేసే రోజులు. ఆయన ఆ బొమ్మని చాలాసేపు చూసి, దీనికి కఫీల్ ఎవడో గని మంచోడున్నడు అన్నాడు. (కఫీల్ అంటే మా వీసాలు తన చేతిలో ఉన్న అక్కడి యజమాని.)

అక్కణ్ణించి మొదలైంది. రోజూ రాత్రి భోజనం దగ్గర నేను పత్రిక చదివి తెలుగులో చెప్పడం, వాళ్ళిద్దరూ వినడం. వినడంతో ఆగితే ఈ కథ ఉండేది కాదు. ఓ వారానికి బాబాయి గారు, ఎలాగూ ఏదో ఒక రోజు వెళ్తాం కదా, ఎవరి పని ఏమిటో ముందే అనుకుంటే మంచిదన్నారు. (ఆ ఏదో ఒక రోజు ఎలా వస్తుందని నేను అడగలేదు, అడిగితే సరదా పోతుంది.) ఆయన కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నారు కాబట్టి కాల్చేది ఆయన. పేల్చారా అంటే పేల్చలేదట, భుజాన మోశారట. పత్రిక చదివి దారి చెప్పేది నేను. జంతువుని మోయడం, తోలు తీయడం, కోయడం, వండటం మేస్త్రన్న. ఆయన అన్నీ విని తలూపి, అన్నం కలుపుకున్నాడు.

పత్రికలో ఒక చోట, చెట్టుబెరడుని గరాటాలా చుట్టి ఆడ మూస్‌లా మూలిగితే మగది వెతుక్కుంటూ వస్తుందని రాశారు. దోహాలో చెట్టే అరుదు, ఇక బెరడెక్కడిది? నా డ్రాయింగులు పెట్టుకునే అట్ట గొట్టం తీశాం. ఒక గురువారం సాయంత్రం (శుక్రవారం సెలవు కాబట్టి గురువారం ఒంటిపూట డ్యూటీయే) డాబా ఎక్కి మేస్త్రన్న ఆ గొట్టంలోంచి మూలిగాడు. అంత దిగులైన మూలుగు నేను అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ వినలేదు. అందులో నటన ఎంతో, నడుం నొప్పి ఎంతో చెప్పలేను. కాసేపటికి పక్కింట్లో ఉండే సూడాన్ దేశపు బడి మాస్టారు మెట్లెక్కి వచ్చి, ఎవరికి కడుపునొప్పి అని అడిగి, ఏవో గింజలు మరిగించిన నీళ్ళు మేస్త్రన్న చేతిలో పెట్టి, తాగేదాకా నిలబడి మరీ వెళ్ళాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. మూస్ మాత్రం రాలేదు.

గొడవ వచ్చింది పంపకాల దగ్గర. ఓ రాత్రి బాబాయి గారు, తొడలూ పక్కటెముకలూ మీరేం చేసుకున్నా సరే, తలకాయ మాత్రం కొమ్ములతో సహా నాకు కావాలి, మా ఇంటి హాల్లో గోడకి తగిలించుకుంటాను అన్నారు. మేస్త్రన్న చేతిలో ముద్ద ఆగిపోయింది.

"తలకాయను గోడకు కొడ్తరా సారూ? కూర వండుకుంటరు గని."

బాబాయి గారు ఓపిగ్గానే చెప్పారు. సముద్రాలు దాటి అంత జంతువుని కొట్టి, తీరా దాని తలకాయ ముక్కలు చేసి తినేస్తే, వేటాడిన సంగతి ఎవరికి తెలుస్తుందని అడిగారు. "తిన్నోనికి తెలుస్తది" అన్నాడు మేస్త్రన్న. ఆయన లెక్కలో రుచంతా తలకాయలోనే ఉంటుంది. వాళ్ళ ఊళ్ళో యాటని (మేకనో గొర్రెనో) కోస్తే తలకాయ ఎవరింటికి పోవాలన్న దాని మీద అన్నదమ్ములు మాటలు మానేసిన సందర్భాలున్నాయట. ఇద్దరూ నా వైపు తిరిగారు. మాంసం ముట్టనివాడు కాబట్టి పక్షపాతం ఉండదని నమ్మకం. నేను పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, కొమ్ములు బాబాయి గారికి, తక్కినది అన్నకి అన్నాను. మొహం లేకుండా కొమ్ములు తగిలిస్తే చొక్కాలు వేలాడేసుకునే కొయ్యలా ఉంటుందని బాబాయి గారికి కోపం వచ్చింది. నా మీద రావాల్సిన ఆ కోపం దారి తప్పి అటు వెళ్ళింది.

"నీకు తిండి ధ్యాస తప్ప ఇంకోటి లేదా మేస్త్రీ?"

అప్పుడాయన తింటున్నది మేస్త్రన్న వండిన పులుసు. అన్న కంచం కడుక్కుని, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొయ్యి వెలగలేదు.

అలా మా మెస్ మూతపడింది, అదీ ఎక్కడో కెనడాలో హాయిగా కలువ తూళ్ళు నములుతున్న ఒక జంతువు తలకాయ కోసం. బాబాయి గారు హోటల్లో తిని గుండెల్లో మంటతో వచ్చేవారు. మేస్త్రన్న సైట్లోనే ఏదో తిని వచ్చేవాడు. నేను ఖుబూస్ రొట్టె మజ్జిగలో ముంచుకుని తినేవాణ్ణి. ఖుబూస్‌ని నేను తిట్టను, కానీ దానికి మన మీద ప్రేమ ఉండదు. డ్రాయింగు బల్ల మీద కళ్ళు తిరిగేవి. వీటన్నిటికీ ఓర్చుకునేవాణ్ణే గానీ, ఒకరోజు అన్న తన పెట్టె సర్దుతూ కనిపించాడు. నెలాఖరుకి ఇండస్ట్రియల్ ఏరియాలో తన ఊరివాళ్ళ గదికి పోతున్నానన్నాడు. ఆ దేశంలో ఇల్లు అనదగ్గది నాకు ఆ గది ఒక్కటే. అన్న లేకపోతే అది కూడా మూడు మంచాలున్న గోడలే.

ఆ గురువారం సాయంత్రం పత్రికలన్నీ ముందేసుకుని దారి వెతికాను. దొరికింది. లైసెన్సు ఉంటే మనిషికి ఒక మూస్‌ని కొట్టవచ్చట. ముగ్గురం, మూడు మూస్‌లు. ఇంత చిన్న విషయం తట్టలేదని నవ్వుకుంటూ, నా చేత్తో టీ పెట్టి ఇద్దరికీ ఇచ్చి, తీర్పు చెప్పాను. బాబాయి గారిది గోడకి, అన్నది కుండలోకి, నాది నీళ్ళలోనే వదిలేద్దాం, లేదా అదీ అన్నకే. బాబాయి గారి మొహం వెలిగింది. మేస్త్రన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"మూడా తమ్మి? మోసుడెవరు? కోసుడెవరు? వండుడెవరు? సారు కొడ్తడు, నువ్వు పుస్తకం సదువుతవు. పొద్దంత నేను టైల్స్ మోస్త, రాంగనే పొయ్యికాడ నిలవడ్త. లేని అడివికి పోదామంటివి. గాడ గూడ నాకు డ్యూటేనా?"

కోపంగా అనుంటే బాగుండేది. ఆయన అలసిపోయినట్టుగా అన్నాడు, నిజంగానే అడుగుతున్నట్టు. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ గొడవ తలకాయ గురించేనని నేను అనుకుంటున్నాను. ఆ పనులు పంచిన రాత్రి ఆయన తలూపింది ఒప్పుకుని కాదు, అలవాటయ్యి.

బాబాయి గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ తర్వాత, తన జీతంలో కోత పెట్టుకున్నంత బాధగా, "తలకాయ నువ్వే తీసుకో మేస్త్రీ" అన్నారు.

"గోడకే కొట్టుకోండ్రి సారూ. అంత తలకాయను కాల్చి గీకేటోడెవడు? నాతోని కాదు."

ముందు నవ్వింది ఎవరో గుర్తులేదు. నవ్వు ఆగాక పనులు మళ్ళీ పంచుకున్నాం. తుపాకీ కాల్చేది మేస్త్రన్న. మోసేదీ కోసేదీ బాబాయి గారు. వండేది నేను. నువ్వు ముట్టవు కదా అని అన్న సందేహపడ్డాడు. ముట్టకుండానే వండుతానన్నాను. అయితే అలవాటు ఉండాలి కదా అని బాబాయి గారు మర్నాడే, అంటే శుక్రవారం, సాధన మొదలుపెట్టించారు.

మేస్త్రన్నని ఏసీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు తొడల మీద, కాసేపు కుర్చీ వెనక పెట్టుకున్నాడు. బాబాయి గారు ఉల్లిపాయలు కోస్తూ ఏడ్చారు (ఉల్లిపాయలకే అని ఆయన గట్టిగా చెప్పారు కాబట్టి నమ్మాను). నేను పప్పు పడేశాను. మంట తగ్గించు తమ్మి, గిన్నె తిప్పు తమ్మి అని కుర్చీలోంచి ఆజ్ఞలు వస్తూ వస్తూ ఆగిపోయాయి. చూస్తే, అన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. ఆజ్ఞలు లేక పప్పు అడుగంటింది, కంగారులో ఉప్పు రెండుసార్లు పడింది.

ఆయన లేచాక కంచంలో వడ్డించి చేతికిచ్చాం. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. బాబాయి గారు నా వంక, నేను ఆయన వంక చూసుకున్నాం. కంచం మళ్ళీ నా ముందుకి చాపి, "ఉప్పెక్కువైంది తమ్మి, ఇంకింత పెట్టు" అన్నాడు. రెండోసారి కలుపుకుంటూ తలెత్తకుండానే అన్నాడు: "ఊరి నుంచి వచ్చినంక ఒకలు వండిపెడ్తె తినుడు గిదే మొదలు."

అన్న పెట్టె మళ్ళీ మంచం కిందికి పోయింది. వేట గురించి ఆ తర్వాత కూడా చాలాకాలం మాట్లాడుకున్నాం. అన్న ఎంత గురి తప్పకుండా కొట్టేవాడో, బాబాయి గారు ఎంత ఆయాసపడుతూ మోసేవారో తల్చుకుని నవ్వుకునేవాళ్ళం. కొన్నాళ్ళకి కంపెనీలు మారాయి, వీసాలు మారాయి, ముగ్గురం మూడు దారులయ్యాం. ఇప్పుడు నాకు అప్పటి మేస్త్రన్న కంటే చాలా ఎక్కువ వయసు. సాయంత్రం ఇంటికొచ్చి నడుం వాల్చినప్పుడు, చేతిలో పత్రికతో అడవిలో అందరికీ పనులు పంచుతున్న ఆ డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడు ఒక్కోసారి కళ్ళముందు కనబడతాడు. చదివి వినిపించడం కూడా కష్టమైన పనేనని మనస్ఫూర్తిగా నమ్మాడు, వెర్రినాగన్న. వాడి మీద కోపం రాదు, నవ్వే వస్తుంది. వాడికి అప్పుడు ఇరవై మూడు. లోకంలో అలసిపోయింది తానొక్కడేనని అనుకునే వయసు.