ఎదురొచ్చే మనిషి

విశాఖ పెదజాలారిపేటలో అర్జునరావు చేపల వేటకి వెళ్ళాలంటే కాసులమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురు రావాల్సిందే. జ్వరమొచ్చినా, మొగుడితో మాటల్లేకపోయినా రావాల్సిందే. పెళ్ళైన మర్నాటి నుంచీ ఇదే వరస. ఆవిడ ఎదురొచ్చిన ఏ రోజూ సముద్రం ఆయన్ని ఉంచేసుకోలేదు. ఆయన్ని సాగనంపాకే చేపల గంప నెత్తికెత్తుకుని సీతమ్మధార వీధుల్లోకి వెళ్ళేది.

అలాంటి మనిషిని కొడుకు వీరేంద్ర అరకు బయల్దేరదీశాడు. స్టీల్ ప్లాంటులో క్రేను నడుపుతాడు, ఎన్నాళ్ళకో సెలవు దొరికింది. కోడలు సాయిదుర్గ ఊరేగింపుకి వెళ్తున్నట్టు చీరలు సర్దింది. అర్జునరావు మాత్రం తెప్పని వదిలి రానన్నాడు. వీళ్ళు రైలుకి బయల్దేరుతుంటే, ముసలాడు చెంబు పట్టుకుని వాకిట్లో ఎదురొచ్చి నిలబడ్డాడు. మొగాడు ఎదురు రావడమేమిటని పేటంతా నవ్వింది. కాసులమ్మ సిగ్గుతో తిట్టింది గానీ, ఆవిడకి కడుపు నిండిపోయింది.

అరకులో దిగిన మర్నాడే ఆకాశం మసిబారింది. తుఫాను విశాఖ వైపు తిరిగిందని లాడ్జి టీవీలో చెప్పారు. బండలు జారిపడి రైళ్ళు ఆగాయి, ఘాట్ రోడ్డు మూసేశారు. మధ్యాహ్నం అర్జునరావు ఫోన్ చేశాడు. అల రోడ్డు మీదికొస్తోందట, తెప్పలు పైకి లాగడానికి పక్కింటి రాము వాళ్ళు పిలుస్తున్నారట. అంతలో లైను తెగింది. మళ్ళీ ఎన్నిసార్లు చేసినా పలకలేదు.

కాసులమ్మకి తెప్ప గుర్తు రాలేదు. చెంబు గుర్తొచ్చింది.

ఆయన గడప దాటుతుంటే ఎదురెవరొస్తారు? ఖాళీ వాకిలి. అన్నం ముట్టలేదు, ఒకచోట కూర్చోలేదు. కిటికీ అద్దం కొట్టుకున్నప్పుడల్లా తలుపు తీసి చూసేది. గంగమ్మతల్లికి కొబ్బరికాయ మొక్కింది, చీర మొక్కింది, కోడిని మొక్కింది. ఇక మొక్కడానికి ఏమీ మిగల్లేదు.

ఏమీ కాదమ్మా అని వీరేంద్ర సర్దిచెప్పబోయాడు.

"నీకేటి తెలుసురా? నీకు ప్లాంటు గేటు ఎదురొత్తాది. మీ అయ్యకి నానొత్తాను."

చివరికి బాత్రూంలోంచి ప్లాస్టిక్ మగ్గు తెచ్చి నిండా నీళ్ళు పట్టింది. విశాఖ ఏ దిక్కని అడిగితే, కొడుకు ఫోన్లో చూసి వరండా చివర చూపించాడు. మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, ఆవిడ అటు నడిచింది.

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "బాత్రూం మగ్గేటత్తా?"

"గంగమ్మకి నీళ్ళు తెలుస్తాయే. మగ్గు తెల్దు."

వరండా చివర నిలబడి, మొగుడు ముందున్నట్టే, రోజూ అనే మాట అంది. "ఎల్లిరా మావా." వాన జల్లు మొహాన్ని కొట్టింది. తన పని తాను చేసింది. మిగతాది తల్లి చూసుకోవాలి. వచ్చి నాలుగు ముద్దలు తింది.

మర్నాడు ఎవరిదో నంబరు నుంచి ఫోనొచ్చింది. అర్జునరావు గొంతు. తెప్ప రాళ్ళకి కొట్టుకుని ముక్కలైపోయిందని చెప్పి ఏడ్చాడు.

"తెప్ప సంగతి తరవాత. నువ్వెలాగున్నావు?"

"నాకేటైందే. లాగడానికెల్లినోళ్ళని అల ఈడ్సీసింది. రాముకి సెయ్యిరిగింది. నానూ గుమ్మం దాకా ఎల్లాను. ఎదురొచ్చే మనిసి లేదు, కాలు పడనేదు. కూకుండిపోనాను."

కాసులమ్మ గోడకి ఆనుకుంది. మూలనున్న మగ్గు వంక చూసింది. తాను వెళ్ళమని ఎదురెళ్ళింది, ఆయన ఎదురు లేదని ఆగిపోయాడు. తల్లి ఎవరి మాట విన్నదో ఆవిడకి తేలలేదు. మగ్గు సంగతి చెప్పడానికి సాయిదుర్గ నోరు తెరవబోతే, కళ్ళతోనే మూయించింది.

"తెప్పకేటి మావా, మళ్ళీ సేయించుకుందుం," అంది. "నానొచ్చీదాకా ఆ గుమ్మంలోనే కూకో."